ఆరు ఇళ్లు తక్కువ

"నూట పందొమ్మిది" అన్నాడు దిలీప్. "నాలుగుసార్లు లెక్కవెట్టిన. అదే వస్తున్నది."

నీళ్ల ట్యాంకు గోడకు అంటించిన జాబితాను ఫోన్‌లో ఫొటో తీసుకుని వచ్చాడు. హెల్మెట్ తీయలేదు. అతనిది బైక్ ట్యాక్సీ. పొద్దున మొదటి బుకింగ్ కాచిగూడ స్టేషన్‌కు వచ్చింది. దాన్ని క్యాన్సిల్ చేశాడు.

"నూట ఇరవై ఐదు గావాలె. ఆరు ఇండ్లు తక్కువ."

"నాకెర్కే" అంది అమల.

"ఎర్కైతే ఏమన్న చెయ్యి. సాయంత్రం ఐదు దాకనే టైమున్నది."

"మూడు రోజుల సంది చేస్తున్నదేంది మరి?"

మాణికేశ్వర్ నగర్‌ను ఆనుకుని, రైలు పట్టాల వైపు ఉన్న ఆ బస్తీలో మూడు వందల పన్నెండు ఇళ్లు. నూటికి నలభై ఇళ్లు ఎస్సీలవని తేలితే ప్రత్యేక అభివృద్ధి నిధి నుంచి బస్తీకి చదువుకునే హాలు మంజూరవుతుంది. అమల యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తోంది. దరఖాస్తు ఆమే రాసింది. అందులో నూట యాభై ఇళ్లని చూపించింది. సర్వే అయ్యాక అందులోంచి ముప్ఫై ఒక్క ఇళ్లు పోయాయి. మతం గడిలో ఆ ఇళ్లవాళ్లు క్రైస్తవులమని చెప్పారు. అలా చెప్పిన ఇల్లు ఎస్సీ లెక్కలోకి రాదు.

ఆ ముప్ఫై ఒక్కటిలో మొదటి ఇల్లు ఇదే. మిగిలిన ముప్ఫై ఇళ్లకు సర్వే మేడమ్‌ను వెంటబెట్టుకుని తిప్పింది వాళ్ల అమ్మ శివమ్మ.

శివమ్మ గడప దగ్గర కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. జాబితా పెట్టిన రోజు నుంచి ఆమె ఎవరికీ సంజాయిషీ ఇవ్వలేదు.

"చాయ్ అన్న తాగవే" అన్నాడు దిలీప్.

"సాయంత్రం."

"గిది ఈస్టర్ ముందటి శ్రమదినాల ఉపాసమా, మా మీద అలుకనా? ఎట్ల దెల్వాలె మాకు?"

"ఉపాసమే. మీ మీద అలిగితే రెండు ముద్దలు ఎక్కువనే తింట."

అమలకు నవ్వు రాబోయింది. తమ్ముడి మొహం చూసి ఊరుకుంది.

దిలీప్ తల్లి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు.

"అమ్మా, నేనొకటి చెప్త, నువ్వు ఊకొట్టు చాలు. ఆ రోజు ఆదివారం. నువ్వు చర్చికెల్లి వస్తున్నవ్, తెల్లచీర మీద ఉన్నవ్. ఆ మేడం గేటు కాడ నిలవడ్డది, చేతుల పుస్తకం ఉన్నది. చర్చి లెక్క రాసుకునేందుకు వచ్చిందనుకున్నవ్. పొరపాటు పడ్డవ్. అంతేనా?"

శివమ్మ గింజ తీసి పళ్లెంలో వేసింది.

"గట్లనే రాయక్కా" అన్నాడు దిలీప్ వెనక్కి తిరగకుండా.

"ఫారంల అదే ఉన్నది. తెలియక చెప్పినమని."

"ఇగ అయిపాయె. అమ్మ సంతకం పెడ్తది, వెనుక ఐదుగురు పెడ్తరు. నూట ఇరవై ఐదు."

"పొరపాటు పడలే" అంది శివమ్మ.

ఇద్దరూ ఆమె వైపు చూశారు.

"మెడల కార్డుండె. కార్డు మీద సర్కారు ముద్ర ఉండె. తెలిసే చెప్పిన."

దిలీప్ హెల్మెట్ తీశాడు. నేల మీద పెట్టాడు.

"తెలిసా?"

"అడిగింది. చెప్పిన."

"మరి ముప్ఫై ఇండ్లు తిప్పుడేంది?"

"ఎండల తిరుగుతున్నది. గల్లీలు దెల్వయ్. తోడువోయిన. ఇట్ల చెప్పుండ్రి అని నేను ఎవ్వలకూ చెప్పలే."

"నువ్వు చెప్పే పనేమున్నదే? బుధవారం ఇంటింటికి పోయి ప్రార్థన చేపిచ్చేది నువ్వు. నువ్వు పక్కన నిలవడితే వాళ్లు ఇంకో మాట చెప్తరా?"

శివమ్మ కొంగుకు చేతులు తుడుచుకుంది. పళ్లెం పక్కకు జరిపింది.

ఆ గల్లీల్లో చాలా ఇళ్లకు రెండు జవాబులున్నాయి. ఆఫీసువాళ్లు అడిగితే ఒకటి, ఆదివారం అడిగితే ఒకటి. ఎవరూ ఎవరికీ నేర్పలేదు. ఆధార్ కార్డు మీద ఆమె శివమ్మ. చర్చి రిజిస్టర్‌లో సారమ్మ. పదకొండేళ్లుగా ఆ రెండు పేర్లూ ఒకదానికొకటి ఎదురుపడలేదు.

"అక్క ఎస్సీ సర్టిఫికెట్ సంగతేంది?" అన్నాడు దిలీప్. "అమ్మ గీ మాట చెప్పిందని రేపు ఎవడన్న కాగితం పెడితే, అక్క ఫెలోషిప్ ఉంటదా?"

"అది రేపటి ముచ్చట" అంది అమల. "ఇయ్యాల హాలు సంగతి చూడు."

"హాలు ఏడున్నది? హాలు మల్కాజ్‌గిరి దిక్కు ఏదో బస్తీకి పాయె. ఈ నెలాఖరు దాటితే అది గూడ ఉండదు, నిధి వాపస్ పోతది." హెల్మెట్ తీసుకుని లేచాడు. "మన పిల్లలు క్యాంపస్‌ల చెట్ల కింద చదువుకుంటరు. ఆడపిల్లలు పొద్దుగూకకముందే పుస్తకాలు మూసి ఇంటికొస్తరు. నువ్వు సత్తెం చెప్పుకుంట గూసో అమ్మా."

బైక్ గల్లీ మలుపు తిరిగేదాకా శివమ్మ కదలలేదు. తర్వాత చింతపండు డబ్బాలో పోసి, మూత పెట్టి, చెప్పులు వేసుకుంది.

"యాడికి?" అంది అమల.

"డ్యూటీకి."

*

మధ్యాహ్నం రెండింటికి అమల అమ్మ పనిచేసే హాస్టల్ మెస్‌కు వెళ్లింది.

బస్తీ నుంచి పక్క గేటు దాటితే క్యాంపస్. లైబ్రరీ బయట సిమెంటు బెంచీల మీద బస్తీ అమ్మాయిలు ఏడుగురు కూర్చుని ఉన్నారు. ముగ్గురు కానిస్టేబుల్ పరీక్షకు చదువుతున్నారు, నలుగురు గ్రూప్స్‌కు. నీడ జరిగినకొద్దీ వాళ్లూ బెంచీ మీద జరుగుతున్నారు. ఒకమ్మాయి అమలను చూసి లేచింది.

"అక్కా, లిస్టు?"

"సాయంత్రం తెలుస్తది."

అమ్మాయి తల ఊపింది. కూర్చుంది.

మెస్‌లో వడ్డన అయిపోయింది. పనివాళ్లు వెనక వరండాలో తింటున్నారు. శివమ్మ వాళ్లతో లేదు. స్టోర్ రూంలో స్టూలు మీద కూర్చుని బియ్యం సంచుల మీది తేదీలు చదువుతూ పలక మీద సుద్దతో రాస్తోంది. పాత స్టాకు ముందు వాడాలి. ఆ పని ఆమెకు అప్పగించి ఏడేళ్లయింది. మెస్‌లో చేరినప్పుడు ఆమెకు అక్షరాలు రావు. నలభై ఏడో ఏట చర్చిలో సాయంత్రం పూట నేర్చుకుంది.

అమల సంచుల మీద కూర్చుంది. పదో తరగతి పరీక్షలకు ఆమె చదివింది ఇక్కడే, ఈ గోడకు ఆనుకునే. ఇంట్లో అప్పుడు నలుగురు, ఒకటే గది. నాన్న బతికి ఉన్నాడు.

బస్తీలో చదువుకోవడానికి ఒక హాలు ఉండాలన్న మాట కూడా ఇక్కడే పుట్టింది. అన్నది శివమ్మ. ఆడపిల్లలకు వేరే టాయిలెట్ ఉండాలని కూడా ఆమే అన్నది. అది లేకనే వీళ్లు ఇంటికి ఉరుకుతారని చెప్పింది. అమల ఆ రెండు మాటలనూ పద్నాలుగు పేజీలు చేసింది.

"తిన్నవా?" అంది శివమ్మ.

"తిన్న. నువ్వు చర్చి అయ్యగారినన్న అడుగకపోతివి."

"శామ్యూలయ్యగారినా? నిన్న వోయిన."

"ఏమన్నడు?"

"ఏమనలే. బీరువా తీసి కొడుకు సర్టిఫికెట్ చూపిచ్చిండు. దాని మీద హిందూ అని ఉన్నది, సదువుకున్న. నేను నీకు ఏం చెప్పాలె శివమ్మా అన్నడు. ప్రార్థన చేసుకో అన్నడు. ఆయినె కూడ అలిసిపోయిండు పాపం."

"సారమ్మ అని పిలుస్తడు గద నిన్ను. శివమ్మా అన్నడా?"

"అన్నడు" అంది శివమ్మ. "నేను గూడ గమనిచ్చిన."

బయట ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు.

"ఎందుకు చెప్పినవమ్మా?"

శివమ్మ సుద్దముక్క పలక మీద పెట్టింది.

"మన గల్లీ సమ్మక్కను బొందపెట్టిన దినం నువ్వు లేవు."

"సెమినార్ ఉండె."

"ఉండెలే. పొద్దున తొమ్మిదింటికి వ్యాన్ల తీసుకపోయినం. బొందలగడ్డ గేటు కాడ ఆపిండ్రు. కాగితం మీద సమ్మక్క, హిందూ అని ఉన్నది. చర్చి పుస్తకంల మార్తమ్మ అని ఉన్నది. ఈ మనిషి ఆ మనిషేనని ఎవరు రాసిస్తరు అన్నరు. వాళ్ల తప్పు గూడ కాదు, వాళ్లకు పైన ఇంకొకరుంటరు. అయ్యగారు ఊరికిపోయిండ్రు. వచ్చేసరికి మూడయింది. గప్పటిదాంక నేను వ్యాన్ల గూసున్న, దాని పక్కన."

"అది చెప్పకపోతివి నాకు."

"నువ్వు అడుగకపోతివి." శివమ్మ మామూలుగానే అంది. "దాని కాళ్లు పట్టుకుని గూసుంటే నాకొకటే అనిపిచ్చింది. నన్ను తెచ్చినప్పుడు నువ్వూ దిలీపూ గిట్లనే గేటు కాడ నిలవడ్తరు. రెండు పేర్లు వట్టుకోని. వారం దినాలకు ఆ మేడం వచ్చింది. మతం ఏందమ్మా అన్నది. పదకొండేండ్ల సంది ఒక్క సర్కారు మనిషికన్న చెప్పలే గదా, ఒక్కసారి చెప్తే ఏమైతది అనుకున్న."

"ఏమైతదో తెల్వలేదా?"

"ఇండ్ల లెక్క సంగతి నాకెట్ల తెలుస్తది బిడ్డా? సర్వేకు ముందు నువ్వు గల్లీలన్ని తిరిగి చెప్పినవట గద, మేడం వస్తె ఏం చెప్పాలెనో. పక్కింటి వనజ చెప్పింది నాకు, ఇదంత అయినంక. అందరిండ్లకు పోయినవ్. మనింట్లనే చెప్పలే."

అమల సంచి అంచున దారం లాగింది.

"నీకు చెప్పే పనిలేదనుకున్న" అంది.

"గదే."

శివమ్మ లేచి పలకను మేకుకు తగిలించింది.

"ఎంతమంది ఒప్పుకున్నరు?"

"ఐదుగురు. మిగిలినోళ్లల్ల సగం మంది తలుపు తియ్యలే. సగం మంది ఆదివారం చర్చిల మొహం ఎట్ల చూపియ్యాలె అంటున్నరు. ఈ ఐదుగురు గూడ నువ్వు పెడితేనే పెడ్తరట."

"ఎవరెవరు?"

అమల పేర్లు చెప్పింది. శివమ్మ ఒక్కో పేరుకూ తల ఊపింది.

"ఆఫీసు ఎక్కడ?"

"తార్నాకల. చౌరస్తా వెనుక గల్లీ. ఐదు లోపల సంతకాలు కావాలె."

"నాకు నాలుగింటికి అయిపోతది. వస్త."

"సంతకం పెడ్తవా?"

"వస్త అన్న గద."

*

ఆఫీసు మొదటి అంతస్తులో ఉంది. కింద కళ్లద్దాల దుకాణం. మెట్ల మీద ఐదుగురు ఆడవాళ్లు వరసగా కూర్చున్నారు. నాలుగూ ఇరవై ఐదు. శివమ్మ వాళ్లను దాటుకుని ఎక్కుతుంటే వనజ కొంగు పట్టుకుంది.

"తొందరగ రా అక్కా. ఐదున్నరకు నల్లా వస్తది."

"బకెట్ పెట్టి రాలేదా?"

"పెట్టిన. మీద ఇటుక గూడ పెట్టిన. బకెట్ ఉంటది, ఇటుక ఉంటది, వరసల నా జాగనే ఉండదు."

పైన గదిలో సంక్షేమ అధికారి విశాలాక్షి ఒక్కతే ఉంది. ఆమె వయసు యాభై దాటింది. టేబుల్ మీద ఆరు బస్తీల ఫైళ్లున్నాయి. అమలను చూసి కుర్చీ చూపించింది. శివమ్మకు ఇంకో కుర్చీ తనే జరిపింది.

"మీ అప్లికేషన్ బాగుంది అమలా. అది బాగుందనే మూడు రోజులు ఆపిన. ఐదింటికి లిస్టు పైకి పంపాలి. తర్వాత నా చేతుల ఏం లేదు." ప్రింటరు నుంచి కాగితం తీసి శివమ్మ ముందు పెట్టింది. "ఇక్కడ సంతకం అమ్మా."

శివమ్మ కళ్లద్దాలు తీసి పెట్టుకుంది. చూపుడు వేలు అక్షరాల కింద పెట్టి చదివింది. సర్వే సమయంలో మా కుటుంబం మతం గురించి నేను తెలియక చెప్పిన సమాచారం తప్పు. మేము హిందూ మతానికి చెందిన షెడ్యూల్డు కులం కుటుంబం.

చదవడానికి రెండు నిమిషాలు పట్టింది. విశాలాక్షి గడియారం వైపు చూడలేదు.

"మేడం, కులం రాసుకోండ్రి" అంది శివమ్మ. "మా తాతలకెల్లి ఉన్నదే. అది చర్చికి వోయినా పోలే. సంబంధం మాట్లాడనికి వస్తె చర్చోళ్లు గూడ మొదలు గదే అడుగుతరు."

"కులం ఒక్కటే రాయరాదమ్మా. మతం నింపితేనే కంప్యూటర్ల కులం గడి తెరుచుకుంటది."

"మతం గూడ రాసుకోండ్రి. ఎన్ని కాగితాల మీద లేదు. ఇదొకటి."

అమల ఊపిరి వదిలింది. పెన్ను మూత తీసి తల్లికి అందించింది.

శివమ్మ పెన్ను తీసుకుంది. ఒక మాట దగ్గర వేలు పెట్టింది.

"తెలియక చెప్పిన అని మాత్రం వద్దు."

"అది ప్రింటయ్యే వస్తదమ్మా."

"కొట్టేయండ్రి."

"కొట్టేస్తే చెల్లదు."

"తెలిసే చెప్పిన మేడం. ఇప్పుడు మార్చుకుంటున్న. గట్ల రాయరాదా?"

విశాలాక్షి కళ్లు నలుపుకుంది.

"తెలిసి చెప్తే అది తప్పు సమాచారం కాదు గదమ్మా. తప్పు కానిదాన్ని నేను ఎట్ల సవరిస్త? నేను మిమ్మల్ని ఏ దేవుణ్ని మొక్కుతరని అడుగుతలేను. ఎవరినీ అడగను. ఈ కాగితం అడుగుతున్నది."

"అమ్మా" అంది అమల.

"నాకెర్కే."

"అరవై మంది కూర్చుంటరు ఆ హాల్ల."

"ఆ అరవై కుర్చీలు నేను చెప్తేనే రాసినవ్ నువ్వు."

వనజ తలుపు దగ్గరికి వచ్చింది. "అయ్యిందా అక్కా?"

"అయితది. గూసో" అంది శివమ్మ. వనజ మళ్లీ మెట్ల మీదికి వెళ్లింది.

శివమ్మ పెన్ను కాగితం మీద అడ్డంగా పెట్టింది. సంతకం పెట్టలేదు. పెట్టనని కూడా అనలేదు. కళ్లద్దాలు తీయలేదు.

నాలుగూ నలభై ఆరు.

"ఇంకొక దారుంది" అంది విశాలాక్షి. అమలతో అంది. "ఇంట్లో ఉన్న ఇంకో మేజర్ కూడా పెట్టొచ్చు. మీరు పెట్టొచ్చు. అది వేరే ఫారం."

కీబోర్డు మీద రెండు మీటలు నొక్కింది. ప్రింటరు చప్పుడు చేసి ఆగింది, మళ్లీ మొదలైంది. కాగితం అమల చేతికి వచ్చింది. ఇంకా వేడిగా ఉంది.

"చదువు" అంది శివమ్మ.

"అదే అమ్మా. మాటలు కొంచెం వేరే, అంతే."

"చదువు. విందాం."

అమల చదివింది. తరగతి గదిలో పేపర్ చదివినట్టు, ఒకే గొంతుతో చదివింది.

"సర్వే సమయంలో మా తల్లి శివమ్మ తెలియక చెప్పిన సమాచారం తప్పు. మేము హిందూ మతానికి చెందిన షెడ్యూల్డు కులం కుటుంబం. ఈ సవరణకు నేను పూర్తి బాధ్యత వహిస్తాను."

చదివి ఆగింది. విశాలాక్షి ఫైళ్ల వైపు చూస్తోంది.

శివమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. కూతురి చేతిలోని కాగితం మీదికి వంగింది. వేలు మొదటి వరుస మీద పెట్టి నెమ్మదిగా జరిపింది. ఒకచోట ఆపింది.

"గీ మాటలు చదువలే నువ్వు."

అక్కడ 'మా తల్లి శివమ్మ' తర్వాత 'నిరక్షరాస్యురాలు అయినందున' అని ఉంది.

అమల కాగితాన్ని టేబుల్ మీదికి దించింది.

"అది కూడా ప్రింటయ్యే వస్తదా మేడం?" అంది శివమ్మ.

"వస్తదమ్మా" అంది విశాలాక్షి.

శివమ్మ వేలు తీసింది. కళ్లద్దాలు తుడిచి డబ్బాలో పెట్టుకుంది. పాత కాగితం మీద ఉన్న పెన్నును తీసి కొత్త కాగితం పక్కన, కూతురి కుడిచేతి వైపు పెట్టింది. సంచి తీసుకుని లేచింది. తలుపు దాటి వెళ్లింది.

మెట్ల మీద వనజ గొంతు వినిపించింది.

"ఏమైంది అక్కా? పెట్టినవా?"

"మా బిడ్డ పెడ్తున్నది" అంది శివమ్మ.

ఐదుగురూ ఒక్కసారే లేచిన చప్పుడు. చెప్పులు మెట్లెక్కుతున్నాయి. అమల పెన్ను చేతిలోకి తీసుకోలేదు. గోడ మీద నాలుగూ యాభై రెండు.